గెలుపునకు కొలబద్ద యేది?

మానవుడు తాను చేసిన పనిని కొలిచి చూచుకొనక నిలువలేడు. రైతు ఎకరమునకు ఎన్ని బస్తాలు దిగినవని చూచుకొనును. వర్తకుడు సంవత్సరాంతమున లాభనష్టములు తేల్చుకొనును. ఉద్యోగి హోదాను, విద్యార్థి మార్కులను, క్రీడాకారుడు పతకములను లెక్కించుకొందురు. కొలుచుకొనుట దోషము కాదు. కొలత లేని చోట శ్రద్ధ సడలును. శ్రద్ధ సడలిన చోట పని చెడును. అయితే ఏ కుంచముతో కొలుచుచున్నది, ఆ కుంచము కొలువదగిన దానినే కొలుచుచున్నదా అను ప్రశ్న వేసికొనువారు మాత్రము అరుదు.

ఇది తీరిక వేళ గోష్ఠికి మాత్రమే పనికివచ్చు ప్రశ్న కాదు. 2019 ఏప్రిల్ మాసమున తెలంగాణ రాష్ట్రమున ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట కొలది దినములలో ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. ఆ ఫలితములలోనే తప్పులు దొర్లినవని పిదప వెల్లడియైనది. తెలుగు పరీక్షలో 99 మార్కులు పొందిన ఒక బాలికకు సున్న వచ్చినట్లు చూపబడినది. తప్పినవారి జవాబు పత్రములను తిరిగి పరిశీలింపగా వేయిమందికి పైగా ఉత్తీర్ణులైనట్లు తేలెను. అంకె పొరపాటు కావచ్చును గదా, దానిని నమ్మి ప్రాణము తీసికొందురా అని ఆనాడు పలువురు వాపోయిరి. అది న్యాయమైన ఆవేదనయే. కాని అంతకంటె లోతైన మాట ఒకటి మిగిలిపోయినది. అంకె ఒప్పే అయినను, సున్న నిజముగా సున్నయే అయినను, ఆ బిడ్డ విలువలో ఏమి తగ్గినది? ఈ ప్రశ్నకు ఫలితములు వెలువడిన ఉదయమున తల్లిదండ్రులు సమాధానము వెదకుకొందమన్న దొరకదు. అది అంతకు ఎన్నియో సంవత్సరములకు ముందే ఆ ఇంటిలో స్థిరపడి యుండవలెను.

మిర్యాలగూడ ప్రాంతము వారికి కొలత అనగానే ముందుగా స్ఫురించునది బియ్యపు మిల్లు. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నందికొండ వద్ద నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మెట్ట చేలు మాగాణులైనవి. జొన్నకు, ఆముదమునకు అలవాటుపడిన నేలలో వరి పండినది. వరి వెంట మిల్లులు వచ్చినవి. నేడు ఈ పట్టణపు చుట్టుప్రక్కల ఉన్నన్ని మిల్లులు ఒక్కచోట ఉండుట దేశమున అరుదు. కోతల కాలమున వడ్ల ట్రాక్టర్లు మిల్లుల ముందు బారులు తీరి రాత్రింబవళ్లు నిలిచియుండును.

మిల్లునకు ఒక కొలత కలదు. ప్రభుత్వమునకు మర పట్టి యిచ్చు ధాన్యమునకు, నూరు కిలోల వడ్లకు పచ్చి బియ్యమైన 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైన 68 కిలోలు అప్పగింపవలెనని నియమము. అంకె తగ్గిన మిల్లు యజమాని సంజాయిషీ చెప్పుకొనవలెను. బియ్యము విషయమున ఇది సరియైన కొలతయే, ఏలయన జనులు తినునది బియ్యము. అట్లని మిగిలినదంతయు వ్యర్థమని మిల్లు సంగతి యెరిగిన వాడెవ్వడును అనడు. ఊక బాయిలరులో మండి ఆవిరిని పుట్టించును; ఆ ఆవిరితోనే వడ్లు ఉడికి ఉప్పుడు బియ్యమగును. తవుడు నుండి నూనె వచ్చును. నూనె తీసిన పిండి పశువులకు దాణా యగును. నూకలు పేదవాని కుండలోనికి చేరును. బియ్యమును మాత్రమే చూచు కన్నునకు ఇవి కనబడవు, అంతియే. వడ్ల విషయమున ఇంత వివేకము చూపగలిగిన మనుష్యుడు తన బిడ్డ విషయమున, తన విషయమున అదే వివేకమును చూపలేకపోవుట విచిత్రము. నూటికి ఇన్ని యని ఒక్క అంకె చూచి, తక్కినదంతయు పొట్టు క్రింద జమ కట్టును.

బియ్యపు గింజల ప్రసక్తి వచ్చినప్పుడు శరణ సాహిత్యము నెరిగినవారికి ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు తలపునకు రాక మానరు. వారు రాయచూరు ప్రాంతపు అమరేశ్వరము నుండి కల్యాణమునకు వచ్చినవారు. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట వారి కాయకము. ఆ పని పేరే వారి పేరునకు ముందు నిలిచినది. శూన్యసంపాదనమున వారి వృత్తాంతము కలదు. ఒకనాడు మారయ్య అనుభవ మంటపమున అల్లమప్రభువు మొదలగు వారితో తత్త్వచర్చలో మునిగి, తన కాయకమునకు పోవలసిన వేళను మరచెను. లక్కమ్మ వచ్చి గుర్తు చేసెను. అతడు పరుగున పోయి బసవేశ్వరుని మహామనె ముంగిట గింజలు ఏరి తెచ్చెను. ఆనాడు మూట రోజుటి కంటె పెద్దదిగా నుండెను. బసవేశ్వరుడే ఎక్కువ గింజలు చల్లించెనని కథ. లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. ఇంత ఎందుకు తెచ్చితివని అడిగినది. ఆ పూట జంగమ దాసోహమునకు, తమ ఇద్దరి కడుపునకు కావలసినంత ఉంచి, మిగిలినది తెచ్చిన చోటనే పోసి రమ్మని భర్తను పంపినది.

ఈ కథను సాధారణముగా నిరాశకు, అపరిగ్రహమునకు దృష్టాంతముగా చెప్పుదురు. అది కొంతవరకే సరి. పెద్ద మూటను తెచ్చుట లోకము దృష్టిలో విజయము. ఆనాటి పనికి ముందునాటి పనికంటె ఎక్కువ ఫలము వచ్చినది. ఏ యజమానియైనను అట్టి పనివానిని మెచ్చుకొనును. లక్కమ్మ ఆ కొలతను అంగీకరింపలేదు. ఆమె చూచినది మూట బరువును కాదు, మూట వెనుకనున్న చేతిని. ఆ చేయి తొందరలో, వేళ మించిపోయెనన్న కంగారులో, ఎవరో దయతలచి చల్లిన గింజలపై పడినది. అది ఏరుకొనుట కాదు, పుచ్చుకొనుట. కాయకము ఒక మెట్టు దిగి దానమైనది. శ్రమకు సమానముగా రాని ఫలము చేతికి వచ్చినప్పుడు అది తనదేనా అని ఆగి చూడగలిగిన దృష్టి ఆమెది. ఇంకొక మాట. మారయ్య చర్చలో మునిగి పని మరచుటను కూడ ఆమె మన్నింపలేదు. తత్త్వము పేరు చెప్పి పని నుండి తప్పుకొనుటకు ఆమె ఇంటిలో చోటు లేదు. కాబట్టి ఈమెను చూపి సోమరితనమును సమర్థింపబూనువారు కథలోని మొదటి సగమును చదువలేదనియే చెప్పవలెను.

ఇచ్చట ఒక బలమైన ఆక్షేపణ కలదు. దానిని తప్పించుకొని పోవుట న్యాయము కాదు. పనియే కైలాసమని, ఉన్నదానితో తృప్తి పడుమని చెప్పు మాట పేదవాని నోరు మూయించుటకు పనికి రాదా? మిల్లులో బస్తాలు మోయు హమాలీ కూలి పెంచుమని అడిగినప్పుడు, ఎండలో నాట్లు వేయు స్త్రీ పురుషునితో సమానముగా కూలి కోరినప్పుడు, లక్కమ్మ కథ చెప్పి పంపివేయు యజమాని యుండడా? ఉండును. ఉండెను కూడ. అయితే కథను మరల చూడవలెను. చాలునన్న మాట పలికినది ఎవరు? గింజలు చల్లిన బసవేశ్వరుడు కాదు. ఆయన కల్యాణపు భాండారమును చూచిన మంత్రి. ఆయన చల్లుటయే చేసెను, అధికముగా చల్లెను. చాలునన్నది గింజలు ఏరుకొను స్త్రీ. తన సంచి గూర్చి తానే పలికినది. ఆ మాట పలుకు అధికారము ఆమెది మాత్రమే. ఉన్నవాడు లేనివానితో అదే మాట అనినచో అక్షరములు అవియే యైనను అర్థము తలక్రిందులగును. దాసోహమను రెండవ సగము లేక కాయకమును మాత్రము బోధించు వాడు శరణుల మాటను సగమునకు విరిచి, తనకు లాభమైన సగమును జేబులో వేసికొన్నవాడు.

పనిలోని గెలుపునకును ఆటలోని గెలుపునకును ఒక భేదము కలదు. ఒక రైతు బాగుగా పండించుటకు ప్రక్క రైతు పంట ఎండిపోవలసిన అవసరము లేదు. ఆటలో అట్లు కాదు. ఎనిమిదిమంది పరుగెత్తిన ఒక్కడే మొదట చేరును. మొదట చేరుటయే విజయము, తక్కినదంతయు పరాజయము అనుకొన్నచో ప్రతి పరుగు పందెమును ఒక విజేతను, ఏడుగురు పరాజితులను తయారుచేయు యంత్రమగును. అట్టి యంత్రమును పాఠశాలలో పెట్టి పిల్లలకు నేర్పుట అవివేకము. అయినను ప్రపంచమంతటను పిల్లలకు ఆటలు నేర్పుచున్నారు. ఆటల వలన మేలు కలుగుచున్నదని అందరికిని తెలియును. అనగా గెలుపు ఆటకు గురి మాత్రమే. విలువ వేరొక చోట ఉన్నది. గురి లేనిదే ఆట సాగదు. గెలువవలెనన్న తపన లేకుండ ఆడువాడు ఎదుటివానిని అవమానించినవాడే. కాని ఆట ముగిసిన పిదప గురిని ఇంటికి మోసికొని పోయి దానితో మనుష్యుని తూచుట పొరపాటు.

1984లో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్సులో 400 మీటర్ల హర్డిల్సు పందెమున పి.టి. ఉష సెకనులో నూరవ వంతు తేడాతో కాంస్య పతకమును కోల్పోయి నాలుగవ స్థానమున నిలిచెను. కనురెప్ప పాటులో పదవ వంతైనను కాని ఆ కాలము ఆమె సాధనలోని ఏ దినమును కొలువగలదు?

తెలుగువారికి ఇంకను దగ్గరి దృష్టాంతము కరణం మల్లేశ్వరిది. శ్రీకాకుళం జిల్లాలో ఆముదాలవలస ప్రాంతమున పెరిగిన బాలిక ఆమె. 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ ఛాంపియనుగా నిలిచెను. 2000 సెప్టెంబరు 19వ తేదీన సిడ్నీలో 69 కిలోల విభాగమున పోటీ చేసి, స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు ఎత్తి, మొత్తము 240 కిలోలు సాధించెను. ఆమెకు ముందున్న చైనా, హంగరీ వనితలు ఇరువురును 242.5 కిలోల వద్ద నిలిచిరి. మల్లేశ్వరికి చివరి ప్రయత్నము మిగిలి యుండెను. ఆమె దండము మీద 137.5 కిలోలు పెట్టించుకొనెను. ఎత్తగలిగియుండిన స్వర్ణము ఆమెదే. ఎత్తలేకపోయెను. కాంస్యము దక్కినది. ఒలింపిక్సులో పతకము పొందిన మొదటి భారత మహిళగా ఆమె పేరు చరిత్రలో నిలిచినది.

ఆనాటి చివరి ప్రయత్నమును విఫలమందురా? పట్టికలో అట్లే వ్రాయబడియున్నది, ఆ వ్రాత సత్యమే. 137.5 కిలోలు లేవలేదు. దానిని దాచుట వలన ప్రయోజనము లేదు. ఓటమిని ఓటమి యనుటకు జంకుట కూడ ఒక విధమైన మోసమే. కాని అంతకు ముందున్న 130 కిలోల వద్ద ఆగి, ఉన్నది చాలునని కూర్చుండిన మల్లేశ్వరిని ఎవరైనను ఇంతకంటె ఎక్కువ గౌరవింతురా? తన శక్తికి అవ్వలి అంచు ఎచ్చట నున్నదో చూడబోయి, దానిని తాకి వచ్చినది. ఆ అంచును తాకని వారికి తమ శక్తి యెంతయో ఎన్నటికిని తెలియదు. లక్కమ్మ చాలు నన్నచోట మల్లేశ్వరి చాల దన్నది. పైకి ఈ రెండును విరుద్ధముగా తోచును. అయితే లక్కమ్మ చాలునన్నది ఫలము విషయమున. మల్లేశ్వరి చాలదన్నది శ్రమ విషయమున. లోకరీతి మాత్రము దీనికి తారుమారుగా నున్నది. శ్రమకు చాలు నందురు, ఫలమునకు చాల దందురు.

హైదరాబాదు ఫుట్‌బాల్ చరిత్రలో సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు పేరు తెలియనివారు ఒకప్పుడు లేరు. 1909లో జన్మించిన ఆయన వృత్తిచేత ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పును గెలుచుకొనెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఆయన జట్టు స్వర్ణము పొందెను. మరుసటి సంవత్సరమే హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో చిత్తుగా ఓడెను. ఆ జట్టులో పెక్కుమంది వట్టి కాళ్లతో ఆడిరి. ఓటమి అంకె అంత పెద్దదైనప్పుడు సామాన్యులు రెండే మార్గములు చూతురు: నెపము వెదకుట, లేక విరమించుట. రహీం సాహెబు మూడవది చూచెను. ఆ ఓటమి తరువాత మన ఆటగాండ్రు బూట్లు తొడుగుట నియమమైనది; జట్టు ఆట తీరును ఆయన మొదటినుండి దిద్దెను. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టు నాలుగవ స్థానము వరకు పోయెను. పతకము రాలేదు గాని భారత ఫుట్‌బాల్ అంతకంటె పైమెట్టు ఎక్కినది నేటివరకు లేదు.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు పోవునాటికి ఆయన ఊపిరితిత్తులలో క్యాన్సరు ప్రవేశించియుండెను. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో భారత జట్టు 2-0 తేడాతో ఓడెను. జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడినవి. రక్షణ పంక్తిలో ఆడవలసిన ఆ గాయపడిన మనుష్యుని ఆయన ముందు పంక్తికి మార్చెను. సెప్టెంబరు 4వ తేదీన అంతిమ పోటీలో ఎదురుపడినది మరల దక్షిణ కొరియాయే. ప్రేక్షకులు భారత జట్టునకు వ్యతిరేకముగా కేకలు వేయుచుండిరి. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు చేసిరి. 2-1 తేడాతో స్వర్ణము భారతదేశమునకు వచ్చెను. 1963 జూన్ 11వ తేదీన రహీం సాహెబు కన్నుమూసెను. ఆ స్వర్ణము తరువాత ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టునకు స్వర్ణము మరి రాలేదు.

గోలు చేసినవారి పట్టికలో ఆయన పేరు ఎక్కడను లేదు. ఉండదు. గురువు గెలుపు శిష్యుల పాదములలో నుండును. అది అతని కంటికి కనబడును గాని చేతికి అందదు. ఇతరుల కాళ్లలో కదలు పనిని తన పనిగా భావించుటకు ఎట్టి మనస్సు కావలెను? శరణులు దాసోహమన్న దానికి అన్నపు పంక్తి ఒక్కటే రూపము కాదని ఇట్టివారి జీవితములు చూచినప్పుడు తెలియును. రహీం సాహెబు ముస్లిము, ఆయనకు శరణ సాహిత్యముతో పరిచయముండెనా లేదా అను విచారము ఇచ్చట అనవసరము. గుణమునకు మతపు ముద్ర అక్కరలేదు.

పుల్లెల గోపీచంద్ చరిత్ర ఇటీవలిది, అందరికిని తెలిసినదే. మోకాలికి శస్త్రచికిత్సలు జరిగినను 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచెను. ప్రకాశ్ పదుకోణె తరువాత ఆ ఘనత పొందిన భారతీయుడు ఆయనయే. గెలిచిన వెంటనే శీతలపానీయపు ప్రకటన అవకాశము రాగా, అట్టి పానీయములు పిల్లలకు మేలు చేయవని తిరస్కరించెను. పిదప హైదరాబాదు గచ్చిబౌలిలో శిక్షణాలయము నిర్మించుటకు తన ఇంటిని తాకట్టు పెట్టెను. 2012లో సైనా నెహ్వాల్ కాంస్యమును, 2016లో పి.వి. సింధు రజతమును ఒలింపిక్సు నుండి తెచ్చిరి. ఈ కథను చెప్పువారు పతకములతో ముగింతురు. ఆ శిక్షణాలయమున తెల్లవారుజామున లేచి అంతే శ్రద్ధగా ఆడి, ఏ పతకము లేక ఇంటికి పోయిన పిల్లలు అనేకులుందురు. వారి మాట ఎవరును ఎత్తరు. వారి తల్లిదండ్రులు ఖర్చు పెట్టిన సొమ్మును, కాలమును తలచుకొని నష్టమని నిట్టూర్చిన ఆశ్చర్యము లేదు. ఆ నిట్టూర్పును వట్టి మాటలతో ఊరడింపలేము. ఒక బాలుని పదేండ్ల కాలము చిన్న మూల్యము కాదు. కాబట్టి ఆటలోనికి పంపునప్పుడే, అది పతకము కొరకు పెట్టిన పెట్టుబడియా, పిల్లవాని దేహమునకు, ధైర్యమునకు, సహనమునకు చేయు సేద్యమా అని పెద్దలు తేల్చుకొనుట మంచిది. పెట్టుబడి యైనచో నూటికి తొంబదిమంది నష్టపోవుట తథ్యము.

ఇల్లు తాకట్టు మాట వచ్చినది గనుక ఒక చిన్న ప్రస్తావన. వచనములను తాళపత్రముల నుండి వెలికితీసి లోకమునకు అందించిన ఫ.గు. హళకట్టి గారు బిజాపురమున న్యాయవాది. 1923లో వచనశాస్త్రసారమును ప్రకటించెను. అచ్చుకూటము పెట్టుటకు తన ఇంటిని అమ్ముకొనెను. న్యాయవాదిగా ఆయన గడింపదగిన సంపదను లెక్కించువారికి ఆయన జీవితము నష్టపు ఖాతాయే.

అంతకంటె పెద్ద నష్టపు ఖాతా ఒకటి కలదు. 1167-68 ప్రాంతమున కల్యాణ నగరమున నిలుచుండి ఎవరైనను బసవేశ్వరుని జీవితమును తూచియుండిన ఏమని వ్రాసియుందురు? హరళయ్య కుమారునకు, మధువరసుని కుమార్తెకు జరిగిన వివాహము రాజాగ్రహమునకు కారణమైనది. ఆ తండ్రులు ఇరువురును క్రూరముగా చంపబడిరి. నగరమున కల్లోలము చెలరేగెను. మంత్రి పదవి పోయినది. అనుభవ మంటపము చెదరినది. శరణులు వచనముల కట్టలు నెత్తికెత్తుకొని తలయొక దిక్కునకు, చెన్నబసవణ్ణ వెంట కొందరు ఉళవి అడవులకు, చేరిరి. బసవేశ్వరుడు కూడలసంగమమునకు పోయి లింగైక్యము నొందెను. కులభేదము పోవలెనన్న కోర్కె ఆయన కనుల ముందు నెరవేరలేదు. ఆనాటి కుంచముతో కొలిచిన ఇది సంపూర్ణమైన అపజయము. ఇందు సందేహము లేదు. దానిని విజయమని పిలుచుటకు తొందరపడుట కూడ సరికాదు, ఏలయన హరళయ్య, మధువరసుల ప్రాణములు మరల రాలేదు. కాలము గడచిన కొలది విజయము తేలునని చెప్పి ఓదార్చుకొనువారు కలరు. ఎనిమిది వందల సంవత్సరములు గడచినను ఆ వివాహము వంటి వివాహము నేటికిని తెలుగు నేల మీద ప్రాణములు తీయుచునే యున్నదని మిర్యాలగూడ ప్రజలకు వేరుగా చెప్పనక్కరలేదు. 2018 సెప్టెంబరులో ఈ పట్టణమున పట్టపగలు జరిగిన హత్య అట్టిదే.

కాబట్టి బసవేశ్వరుడు గెలిచెనా ఓడెనా అను ప్రశ్న ఇంకను తెరచియే యున్నది. అయినను ఆయన చేసినది చేయదగిన పనియా కాదా అను ప్రశ్నకు సమాధానము అట్లు వేచియుండదు. అది ఆనాడే స్పష్టము. పని యొక్క మంచి చెడ్డలు ఒకటి, దాని ఫలితము మరియొకటి. ఫలితమున పెక్కు చేతులుండును: కాలము, పాలకుడు, వాన, ఎదుటి ఆటగాని బలము, తీర్పరి కన్ను, యంత్రపు పొరపాటు. పని మాత్రము ఒక్కని చేతిలోనిది. అది సత్యశుద్ధముగా జరిగినదా, దాని వలన చేసినవాడు పెరిగినాడా, అందులో ఇతరులకు పాలు దొరకినదా అని విచారించుట చేతనగును. ఈ విచారణ మార్కుల పత్రము కంటె సులభమని అనుకొనరాదు. మార్కులు ఇతరులు వేయుదురు. ఇది తనకు తాను వేసికొనవలసినది. వడ్డీ వ్యాపారమున కోట్లు గడించి ఈ విచారణలో నిలువలేనివాడు ఉండవచ్చును. తూకములో కల్తీ లేక ముప్పది సంవత్సరములు కాంటా పట్టిన గుమాస్తా నిలువవచ్చును.

ఇంతటితో సరిపోవునా? సరిపోదు. పనిని కూడ చేయలేనివారు కలరు. రోగులు, వృద్ధులు, బుద్ధిమాంద్యము కలవారు కలరు. వరంగల్ జిల్లా కల్లెడ గ్రామమున కూలి జనుల ఇంట పుట్టిన దీప్తి జీవాంజిని బాల్యమున ఊరివారు హేళన చేసిరని ఆమె తల్లిదండ్రులే చెప్పుకొనిరి. 2024 మే మాసమున జపానులోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్సులో ఆమె 400 మీటర్లను 55.07 సెకనులలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. అదే సంవత్సరము సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్సున కాంస్య పతకము పొందెను. పూలదండలు వచ్చినవి, బహుమతులు వచ్చినవి. సంతోషమే. అయితే ఆమె పరుగెత్తలేకపోయియుండిన? అదే ఊరిలో, అదే ఇంటిలో, అదే బుద్ధితో పతకము లేక మిగిలియుండిన? హేళన చేసినవారి మాట సరియైన దగునా? పతకము చూచి హేళన మానినవాడు తన తప్పు తెలిసికొన్నవాడు కాడు; బేరము మార్చుకొన్నవాడు.

వీరశైవ గృహములలో పెక్కింట ఒక ఆచారము కలదు. బిడ్డ పుట్టిన కొలది దినములకే గురువును పిలిచి లింగధారణ చేయింతురు. ఆ బిడ్డ అప్పటికి కనులు సరిగా తెరచి చూడదు. ఏ పనియు చేసియుండదు. చదువు వచ్చునో రాదో, పరుగెత్తగలదో లేదో, పొలము దున్నునో కార్యాలయమున కూర్చుండునో ఎవరికిని తెలియదు. ఇది తెలిసిన తరువాత కట్టెదమని ఏ గురువును అనడు. మొదటి స్థానము వచ్చిన బిడ్డకు పెద్ద లింగము, తప్పిన బిడ్డకు చిన్న లింగము అను భేదము లేదు. ఫలితములు వెలువడు ఉదయమున, పత్రిక చేత పట్టుకొని కొడుకు గదిలోనుండి బయటకు వచ్చునప్పుడు, తండ్రి ముందుగా చూడవలసినది ఆ పత్రికను కాదు. ఆ మెడలో ఉన్నదానిని కట్టిననాడు ఆ ఇంటివారందరు ఎట్లు సంతోషించిరో, ఎవ్వరును ఏ అంకెను అడుగలేదో, ఆయనకు గుర్తుండకపోదు.